అన్న రిటర్నులో నేను

మా అన్న ఇన్‌కంటాక్సు రిటర్నులో నేను కొన్నేళ్లపాటు ఆయన పెట్టిన తిండి తిన్నాను, ఆయన కొనిచ్చిన బట్ట కట్టాను, ఆయన చూపించిన దవాఖానలో మందులు తీసుకున్నాను. ఆ సంగతి నాకొక్కదానికే తెలియదు. నేనేమో ఆ ఏళ్లన్నీ స్టేషన్ ఘన్‌పూర్‌లో, రైల్వే గేటుకు ఇవతల ఒక అద్దె ఇంట్లో, జాకెట్లు కుట్టుకుంటూ నా తిండి నేనే తింటున్నాననుకున్నాను.

నా ఎడమ కాలు పోలియో కాలు. ఊహ తెలియక ముందే సన్నబడిపోయింది. మిషన్‌కు మోటారు పెట్టించుకున్నాక కుడికాలు ఒక్కటి చాలు. బాపు పోయిన తర్వాత జఫర్‌గఢ్ దగ్గరి ఊళ్లో ఉన్న కాస్త చెలక భూమి అన్న పేరు మీదికి పోయింది, మమ్మల్ని కన్న అవ్వ నా దగ్గరికి వచ్చింది. అన్నకు భూపాలపల్లిలో బొగ్గుబావి నౌకరి, ఉండటానికి క్వార్టరు. అక్కడి దుమ్ముకు ఊపిరాడదని అవ్వ అందరికీ చెప్పేది. దుమ్మూ లేదు, ధూళీ లేదు. అవ్వకూ వదినకూ పడదు. ఆ మాట పైకి అనకూడదు కాబట్టి దుమ్ము మీదికి నెట్టారు.

నా దగ్గరున్న అవ్వకు బీపీ గోళీలు, షుగర్ గోళీలు నేనే కొనేదాన్ని. కంటి ఆపరేషన్ నేనే చేయించాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత జరిగినదాన్ని బట్టి ఎవరు ఎవరిని పోషించారో ముందే తెలిసి ఉంటే మంచిదని చెబుతున్నాను.

నాకు ఒకే ఒక్క ఆశ ఉండేది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్. జాకెట్ చేతులకూ వీపుకూ పూలు, నెమళ్లు, రాళ్లు కుట్టించుకోవడానికి మా ఘన్‌పూర్ ఆడవాళ్లు రైలెక్కి వరంగల్ పోతారు. ఆ మిషన్ ఒకటి ఇక్కడే ఉంటే, బస్టాండు వైపు చిన్న షటర్ ఒకటి కిరాయికి తీసుకుంటే, నేను ఎవరి మొహం చూడనక్కర్లేదు. కానీ దాని ధర నా బోటిది చేతిలో పోగేసి కొనేది కాదు. అందుకని బ్యాంకుకు పోయాను.

బ్యాంకులో మేనేజరు మేడం నా కాలు చూసి కుర్చీ వేయించారు. నా కాగితాలు చూసి పెదవి విరిచారు. మహిళా సంఘంలో తీసుకున్న అప్పు వాయిదా తప్పకుండా కట్టానని చెప్పాను. "అది మంచిదేనమ్మా. కానీ మీరు ఎంత సంపాదిస్తున్నారో చెప్పే కాగితం ఏది? ఐ.టి. రిటర్నులు ఉన్నాయా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఫాల్సూ పికోలూ కుట్టేదాన్ని, నాకు ఇన్‌కంటాక్సేమిటి?

జనగామలో రిటర్నులు వేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఎవరో చెబితే పోయాను. ఆయన కసురుకుంటూనే నేర్పాడు.

"టాక్స్ పడేటోడే రిటర్న్ ఎయ్యాలని ఎవలు చెప్పిండ్రు? నీకు టాక్స్ పడది. అయినా ఎయ్యాలె. బ్యాంకోడు నీ మొఖం సూడడు, కాయితం సూస్తడు. ఇయ్యాలనుంచి ప్రతి జాకెట్ పైసలు ఫోన్‌లనే ఏపిచ్చుకో. చేతికిచ్చినా తెచ్చి ఖాతల ఎయ్యి. మూడేండ్లు గిట్ల చేస్తే నీకే తెలుస్తది."

"మూడేండ్లా సారూ?"

"మరి? పెండ్లి సంబంధం అనుకున్నవా, ఒక్కనాడు చూసి ఇచ్చేటందుకు?"

నాకు ఒళ్లు మండింది, కానీ ఆయన మాట విన్నాను. చేతికిచ్చిన నోటు కూడా బ్యాంకుకు తీసుకుపోయి వేసేదాన్ని. ఊళ్లో ఆడవాళ్లు నవ్వారు. "నీకు ఏమైందే, ఉన్నది ఉన్నట్టు సర్కారుకు చెప్పుకుంటున్నవ్?" అన్నారు. దాచిపెడితే తెలివి, చెబితే తిక్క, మా దిక్కున లెక్క ఇది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెక్కిరించారు. వెక్కిరిస్తే వెక్కిరించనీ అనుకున్నాను. ఏటా జూలైలో జనగామ పోయి రిటర్ను వేసి, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బీరువాలో చీరల కింద దాచేదాన్ని.

నేను చీరల కింద నిజం దాచుకుంటున్న ఆ రోజుల్లోనే మా అన్న భూపాలపల్లిలో నా పేరుతో ఇంకో లెక్క నడుపుతున్నాడు.

బొగ్గుబావి వాళ్లకు జీతం బాగానే వస్తుంది, టాక్సు కూడా బాగానే కోస్తారు. ఆ కోసిందాన్ని చూసి వాళ్లకు కడుపుమంట. ఆ మంట మీద చలి కాచుకోవడానికి ఒకడు వచ్చాడు. గేటు బయట చాయ్ హోటల్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాడట. షిఫ్టు దిగి వచ్చేవాళ్ల దగ్గర జీతం కాగితం, ఆధార్, ఫోన్‌కు వచ్చే ఓటీపీ తీసుకుంటాడు. క్వార్టర్లో ఉండేవాడు బయట కిరాయి కడుతున్నట్టు రాస్తాడు. ఎప్పుడూ ఎవరికీ రూపాయి ఇవ్వనివాడు చందాలు ఇచ్చినట్టు రాస్తాడు. కోసిన టాక్సు వెనక్కి వస్తుంది. వచ్చినదాంట్లో వాడికి ఇంత శాతం. పైసలు పడిన రోజు దావత్. "సర్కారు గుంజుకున్న మన పైసలే మనకు ఇప్పిస్తున్నడు, దేవునసొంటి మనిషి" అని మా అన్న అవ్వతో ఫోన్‌లో మురిసిపోవడం నేను విన్నాను. నాకేం తెలుసు ఆ దేవుడి గుడిలో కోసే మేక నేనేనని?

ఒకనాడు అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, నీ సదరం కార్డు, ఆధార్ జర ఫొటో తీసి వాట్సాప్ చెయ్యి. ఇక్కడ అడుగుతున్నరు."

"ఎందుకన్నా?"

"నీకేమన్న లాభమైతదేమోనని చూస్తున్న. ఊకె పంపరాదు."

సదరం కార్డంటే మా కాళ్లూ కళ్లూ ఎంతవరకు పనిచేయవో డాక్టర్లు చూసి ఇచ్చేది. పింఛనుకూ బస్సుపాసుకూ అదే ఆధారం. పంపాను. సొంత అన్నకు కార్డు పంపేటప్పుడు ఎందుకని రెండోసారి అడిగే ఆడపిల్ల మా ఇళ్లల్లో ఇంకా పుట్టలేదు. ఇప్పుడైతే నా దగ్గరికి జాకెట్ కొలతలకు వచ్చే ప్రతి ఆడదానికీ చెబుతున్నాను: తల్లీ, జిరాక్సు ఎవరికిచ్చినా ఎందుకిస్తున్నావో దాని మీదే రాసి, అడ్డంగా సంతకం పెట్టి ఇవ్వు. అన్నకిచ్చినా, మొగుడికిచ్చినా సరే. వాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ఆ ఏడు దసరాకు అన్న నాకు పట్టుచీర తెచ్చాడు. ఎన్నడూ లేనిది. "నీ కాలు మంచిది చెల్లె, నీ పేరు మీద లక్ష్మి వచ్చింది" అన్నాడు. అవ్వ ఆ చీర పట్టుకుని వీధంతా చూపించి వచ్చింది. "నా కొడుకు తెచ్చిండు" అని. నేను కుట్టిన జాకెట్ తొడుక్కుని, నేను కొన్న చీర కట్టుకుని, కొడుకు తెచ్చిన చీర చూపిస్తూ తిరిగింది. నాకు ఆ రోజు బాధ కలగలేదు. నిజం చెప్పొద్దూ, ఎంత సంతోషపడ్డానో. చెల్లెలిని అన్న తలుచుకున్నాడు కదా అని.

సంగతేమిటంటే, వైకల్యం ఉన్న మనిషిని ఎవరైనా పోషిస్తుంటే ఆ పోషించేవాడికి టాక్సులో కొంత తగ్గిస్తారు. తప్పేమీ లేదు, మంచి నియమమే. కానీ ఆ మనిషి నిజంగా నీ మీదనే ఆధారపడి బతుకుతుండాలి. అన్న రిటర్నులో నేను అట్లా ఎక్కాను, ఆధారపడిన చెల్లెలుగా. జనగామలో నా రిటర్ను నేను సంపాదిస్తున్నానని చెబుతోంది, భూపాలపల్లిలో అన్న రిటర్ను నేను ఏమీ సంపాదించడం లేదని చెబుతోంది. రెంటిలోనూ ఆధార్ నంబరు ఒకటే.

మూడేళ్లు నిండాయి. బ్యాంకు మేడం నా కాగితాలు తీసుకుని ఫైలు పైకి పంపారు. "పది రోజులో, ఇరవై రోజులో. వస్తుంది" అన్నారు. షటరు మాట్లాడి అడ్వాన్సు కూడా ఇచ్చాను. సరిగ్గా అప్పుడు, ఒక మధ్యాహ్నం, మా ఇంటి ముందు ఒక మోటారుసైకిల్ ఆగింది. నలభై ఏళ్ల మనిషి. చేతిలో మిఠాయి డబ్బా. తనది మొగుళ్లపల్లి దగ్గరి ఊరనీ, మా అన్న షిఫ్టులోనే పనిచేస్తాననీ చెప్పాడు. లోపలికి వచ్చి కూర్చోమంటే కూర్చోడు, నిలబడే చెమటలు తుడుచుకుంటున్నాడు.

"అక్కా, ఏమనుకోకు. నువ్వు నాకు చెల్లెవని నా రిటర్న్‌ల రాసిండట."

నాకు అర్థం కాలేదు. "ఎవలు రాసిండ్రు? నువ్వెవలో నాకు తెల్వది గద తమ్మీ."

"గదే అక్కా, నాక్కూడ నువ్వు తెల్వది. ఆ సారు రాసిండు. మా షిఫ్టుల శానమందికి నీ కార్డు నంబరే కొట్టిండట. ఇప్పుడు ఇన్‌కంటాక్సోళ్లు నోటీసులు పంపిండ్రు. ఒక్క చెల్లె ఇంతమందికి ఎట్ల చెల్లె అయితదని అడుగుతున్నరు."

ఒక ఆది జాకెట్ పెట్టి ఊరందరికీ కుట్టినట్టు, నా కార్డు ఒక్కటి పెట్టి బావిలో దిగే వాళ్లందరికీ నన్ను చెల్లెలిని చేశాడు ఆ మహానుభావుడు. ముందు నవ్వొచ్చింది. పుట్టినప్పటి నుంచి ఒక్క అన్నతోనే వేగలేకపోతున్నాను, ఇప్పుడు ఇంతమందా అని. తర్వాత అన్న కార్డు అడిగిన రోజు గుర్తొచ్చింది.

"మా అన్నకు తెలుసా ఇది?"

ఆ మనిషి మిఠాయి డబ్బా అరుగు మీద పెట్టాడు. నా మొహం చూడలేక డబ్బా వైపే చూస్తూ చెప్పాడు.

"తెల్వకుంటె ఎట్ల అక్కా? కార్డు ఇచ్చినందుకు మీ అన్నకు కమీషన్ మాఫీ చేసిండు గద."

నా పట్టుచీర ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఆయన జేబులోంచి స్టాంపు కాగితం తీశాడు. అందులో నేను ఆయన మీద ఆధారపడి బతుకుతున్నానని ఉంది, సంతకం పెడితే ఐదువేలు ఇస్తానన్నాడు. పాపం, పిల్లలవాడు, కట్టమన్న మొత్తం చూసి గుండె జారిపోయి ఉంటుంది. అయినా నాకు జాలి రాలేదు. "తమ్మీ, నీ మిఠాయి నువ్వే తీస్కపో. నీ కన్నతల్లి నన్ను కనలే" అన్నాను. ఆయన డబ్బా తీసుకోకుండానే బండెక్కి పోయాడు. అవ్వ డబ్బా విప్పి రెండు తినేసింది, షుగర్ ఉన్నది చూడకుండా.

అన్నకు ఫోన్ చేస్తే, "ఫోన్‌ల వద్దు, వస్తున్న" అన్నాడు. ఆదివారం వచ్చాడు. వదిన రాలేదు. నేను కుట్టిచ్చిన చొక్కానే వేసుకుని వచ్చాడు, గీతల చొక్కా, కాలరు నేనే రెండుసార్లు తిప్పి కుట్టాను. మొహం పీక్కుపోయి ఉంది. తోడబుట్టినవాడు కదా, చూడగానే కోపం సగం జారింది. చాయ్ పెట్టి ఇచ్చాను.

"ఎంతగనం కట్టాలంటున్నరన్నా?"

"ఇన్నేండ్లది మొత్తం కట్టాలట. మీదికెళ్లి వడ్డీ, జుర్మానా. నా కొంప మునిగింది చెల్లె. సారు ఫోన్ ఎత్తుతలేడు. నిన్న ఒక్కసారి ఎత్తి గిది చెప్పిండు." స్టాంపు కాగితం తీసి మంచం మీద పెట్టాడు. "వేరేటోళ్ల సంగతి మనకెందుకు? నువ్వు నా సొంత చెల్లెవు. నాది అబద్ధం కాదు గద. ఒక్క సంతకం పెట్టు. నోటరీ నేను చేపిస్త."

చదివాను. నాకు ఎలాంటి ఆదాయం లేదనీ, పోలియో వల్ల ఏ పనీ చేసుకోలేననీ, నా తిండి, బట్ట, వైద్యం అన్నీ నా అన్నగారే చూసుకుంటున్నారనీ, ఇది దైవసాక్షిగా నిజమనీ ఉంది. ఏ పనీ చేసుకోలేనని రాసిన ఆ కాగితాన్ని నా మిషన్ మీద పెట్టి చదువుతున్నాను. పక్కనే ఇంకా చేతులు అతకని జాకెట్లు.

"అన్నా, నేను రిటర్న్ ఏస్తున్న. సంపాదిస్తున్నట్టు మూడేండ్ల సంది రాసిస్తున్న. నా లోన్ ఫైలు పైకి పోయింది. ఇది సంతకం పెడితె నా రిటర్న్‌లన్నీ అబద్ధమైతయి. లోన్ పోతది. అబద్ధపు కాయితం పెట్టిందని నన్నే పడ్తరు."

"నువ్వెందుకు ఏసినవ్ రిటర్నులు? నిన్నెవలు ఏయమన్నరు?" అని గద్దించాడు.

దొంగలెక్క రాసినవాడు నిజం లెక్క రాసినదాన్ని ఎందుకు రాశావని అడుగుతున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడిందంటారు, నాకు ఆ కాళ్లూ సరిగ్గా లేవు.

అయినా నెమ్మదిగానే చెప్పాను. జనగామ పెద్దాయనను ముందే అడిగి ఉంచాను. ఆయన చెప్పింది ఇంతే: నోటీసు వచ్చాక దానికి ఇంకో అబద్ధం అతికితే కేసు అవుతుంది. తప్పుడు లెక్కలన్నీ తీసేస్తున్నానని ఒప్పుకుని, టాక్సూ వడ్డీ వేసిన అదనమూ కట్టేస్తే బాధ డబ్బుతో పోతుంది. పి.ఎఫ్. మీద లోన్ తీసుకున్నా సరే, బయట వడ్డీకి మాత్రం తేవద్దు. ఇక నుంచి రిటర్ను ఎవరి చేత వేయించినా, పంపే ముందు తానే కూర్చుని ప్రతి గడీ చదవాలి, ఓటీపీ చెప్పే ముందు చదవాలి. సంతకం వేసిపెట్టినవాడిది కాదు, మనది. ఇదంతా మా అన్నకు చెప్పాను.

"నీతులు చెప్పకు. సంతకం పెడ్తవా, పెట్టవా?"

అప్పుడు నాకు తిక్క రేగింది. కాగితం అన్న చేతికిచ్చాను. "సరే. అవ్వ ముంగట చదువు. పెద్దగ చదువు. చదివినంక అవ్వ ఔనంటె నేను సంతకం పెడ్త."

నేను ఎందుకన్నానంటే, చదవలేడనుకున్నాను. నేను కుట్టిన చొక్కా వేసుకుని, నా చాయ్ తాగి, నా మంచం మీద కూర్చుని, 'చెల్లె బట్ట నేనే చూస్తున్నా' అని కన్నతల్లి ముందు చదవాలంటే నోరు పడిపోతుందనుకున్నాను. అవ్వకు కూడా అన్నీ తెలుసు. పొద్దున తిన్న గోళీ ఎవరు కొన్నారో తెలుసు. అవ్వే అంటుంది, 'కొడుకా, ఇది పాపంరా' అని. అవ్వ నోట ఆ ఒక్క మాట వింటే చాలు, మిషన్ పోయినా పరవాలేదని కూడా ఆ క్షణంలో అనిపించింది.

మా అన్న చదివాడు. ఎక్కడా ఆగలేదు. ఏ పనీ చేసుకోలేననేది చదివాడు, తిండి చదివాడు, బట్ట చదివాడు, వైద్యం చదివాడు. దైవసాక్షి దగ్గర మాత్రం గొంతు సవరించుకున్నాడు, అది కూడా దగ్గొచ్చి.

అవ్వ గోడకు ఆనుకుని అంతా విన్నది. విని, "ఔ బిడ్డా" అన్నది. "నిజమే గద. మనకు వాడే గద దిక్కు. మొగపిల్లగాడు వాడున్నడనే గద మనం బతుకుతున్నం. సంతకం పెట్టు."

"అవ్వా, నీ గోళీలు ఎవలు తెస్తున్నరు?"

"నువ్వే తెస్తున్నవ్. తెస్తె ఏమాయె? అయితె మాత్రం, పెద్దదిక్కు వాడే గద."

భయపడి అన్నదీ కాదు, కొడుకును కాయడానికి అన్నదీ కాదు. అవ్వ నిజంగానే నమ్ముతోంది. ఇన్నేళ్లుగా నా వంట తింటూ, నా మందులు మింగుతూ, కొడుకు పోషణలో ఉన్నాననుకుంటోంది. మా అన్న అయినా రిటర్నులో అబద్ధమని తెలిసి రాయించాడు. అవ్వ లోపల అది అబద్ధమే కాదు. అంత కోపం నాకు నా కాలు మీద కూడా ఎప్పుడూ రాలేదు. ఏడుపు రాలేదు.

"పెట్ట" అన్నాను.

"మాట తప్పుతవా? అవ్వ ఔనంటె పెడ్తనంటివి!" అన్న లేచి నిలబడ్డాడు.

"తప్పుత. ఇన్నేండ్లు మీ ఇద్దరి లెక్కల నేను ఎట్లాగూ మనిషిని కాదు. నాకు మాటెందుకు?"

అన్న అన్నాడు, కుంటిదానివని జాలిపడ్డందుకు మంచి బుద్ధి చెప్పావని. ఆ మాట ఊళ్లో చాలామంది అన్నారు, పిల్లలు బడిలో అన్నారు, ఆయన ఎప్పుడూ అనలేదు. ఆ రోజు అది కూడా అయిపోయింది. అవ్వ లేచి తన గుడ్డలు మూటగట్టుకుంది. "నా కొడుకును జైలుకు పంపేదాని ఇంట్ల నేను నీళ్లు తాగ" అన్నది. దుమ్ముకు ఊపిరాడని అవ్వ ఆ సాయంత్రం బస్సులో భూపాలపల్లి పోయింది. గోళీల డబ్బా మరిచిపోతే నేనే బస్టాండు దాకా ఆటోలో పోయి, కిటికీలోంచి అందించాను. తీసుకుని మూటలో పెట్టుకున్నది.

జైలూ లేదు, గియిలూ లేదు. మా అన్న చివరికి జనగామ పెద్దాయన చెప్పినట్టే చేశాడట, పి.ఎఫ్. లోన్ తీసి కట్టాడు. వాళ్ల షిఫ్టులో చాలామంది అదే చేశారట. చాయ్ హోటల్లో ల్యాప్‌టాప్ సారు మాత్రం ఏ ఊరు పోయాడో ఎవరికీ తెలియదు. పంచుకున్నప్పుడు శాతం తీసుకున్నాడు, కట్టేటప్పుడు రాలేదు. రీఫండ్‌లో వాటా అడిగేవాడిని నమ్మొద్దని ఎవరికైనా ఇప్పుడు చెబుతాను, కానీ ఎవరూ వినరు, పైసలు ఖాతాలో పడే రోజు వినడానికి చెవులు ఉండవు. మా బంధువుల్లో ఈ కథ ఇంకోలా తిరిగింది. కుంటి చెల్లెలిని ఇన్నేళ్లు సాకినందుకు అది అన్న కొంప ముంచింది అని. ఒక పెళ్లిలో నా వెనకే కూర్చుని అన్నారు. నేను తిరిగి చూడలేదు, భోజనం చేసి వచ్చేశాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున వదిన ఫోన్. నన్ను పలకరించలేదు, అవ్వ ఎలా ఉందో చెప్పలేదు.

"అత్తమ్మ గోళీలు అయిపోయినయి. కొత్తయి తేవాలె. లోన్ కట్టవట్టి మీ అన్న చేతిల పైసలు లేవు. జర ఫోన్‌పే చెయ్యి."

వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది. "దాన్నెందుకడుగుతున్నవ్, నా కొడుకు తెస్తడు తియ్యి" అంటోంది. వదిన ఫోన్ పెట్టేసింది. నేను పంపాను. గోళీల ధర నాకు నోటికి వచ్చు, లెక్క కట్టుకోనక్కర్లేదు.

అదే రోజు బ్యాంకు నుంచి పిలుపు. లోన్ మంజూరైంది, వచ్చి సంతకాలు పెట్టమన్నారు. మంచి చీర కట్టుకుందామని బీరువా తీస్తే అన్న తెచ్చిన పట్టుచీర పైనే ఉంది. దాన్ని పక్కకు జరిపి, రోజూ కట్టే నూలుచీరే కట్టుకుని పోయాను.

మేడం కాగితాలు ఒక్కొక్కటే నా ముందు పెడుతూ పేరు, చిరునామా, సంపాదన అన్నీ మళ్లీ చదివి వినిపించారు. నేను చెప్పాను కదా, ప్రతి గడీ చదవాలని. నేనూ వేలు పెట్టి చదువుతూ ఔనంటున్నాను. ఒక గడి దగ్గర నా వేలు ఆగింది. నా మీద ఆధారపడినవాళ్లు ఎవరని అడిగే గడి అది. మొదట్లో అప్లికేషన్ పెట్టినప్పుడు అందులో నా చేతనే తల్లి అని రాయించారు.

"ఏమ్మా, తప్పేమైనా ఉందా?" అన్నారు మేడం.

"గిది తీసెయ్యండి మేడం."

"అదేమిటి? మీ అమ్మగారు మీ దగ్గరే ఉంటారన్నారు కదా. మందులు కూడా మీరే కొంటారన్నారు."

"కొంటున్న మేడం. పొద్దుగాల కూడ పైసలు పంపిన. కానీ రేపు మీరు ఫోన్ చేసి అడిగితె ఆమె కొడుకు పేరే చెప్తది. మల్ల నా కాయితం అబద్ధమైతది."

మేడం పెన్ను తీసి ఆ మాట మీద గీత కొట్టారు. కొట్టివేత పక్కన సంతకం పెట్టమన్నారు. పెట్టాను.